‘ఆ అంకుల్ నీకు తెలుసా నాన్నా?’

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా ఊరు సఖినేటిపల్లి దగ్గర, ఇల్లు ఏటిగట్టు పక్కనే. అత్తగారిది భీమవరం. ఈ సంక్రాంతికి, భోగి ముందు రోజు, అందరం కారులో భీమవరం నుంచి మా ఊరు బయల్దేరి నర్సాపురం రేవులో, మనుషుల్నీ బండ్లనీ గోదావరి దాటించే పంటు ఎక్కాం. పంటు మీద టికెట్లు ఇస్తున్న మనిషి నా చిన్ననాటి స్నేహితుడు. 2000లో పదో తరగతి రాశాం. మూడేళ్ళు ఒకే బెంచీ. బడిగంట కొట్టే పని వాడిదే, అందుకని ‘గంట’ అని పిలిచేవాళ్ళం. వాళ్ళది పేట, మాది ఊరు. బడిలో ఆ తేడా మాకు తెలీదు. పబ్లిక్‌లో నాకంటే వాడికి 13 మార్కులు ఎక్కువ వచ్చాయి. ఆ ఏడే వాళ్ళ నాన్న పోయాడు, చదువు ఆగిపోయింది. తర్వాత కువైట్ వెళ్ళాడని విన్నాను. పాపం, ఇప్పుడు పంటు మీద టికెట్లు ఇస్తున్నాడు.

చూడగానే గుర్తుపట్టాను. వాడూ గుర్తుపట్టాడు. ‘బాగున్నారాండీ’ అన్నాడు. కారులో మా మామగారు, బావమరిది ఉన్నారు. ఏమైందో తెలీదు, తలూపి ఫోన్ చూసుకుంటూ ఉండిపోయాను. డబ్బులివ్వబోతే ‘వద్దులెండి’ అని పక్క బండి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఎనిమిదేళ్ళ మా పాప ‘ఆ అంకుల్ నీకు తెలుసా నాన్నా?’ అని అడిగింది. ‘లేదమ్మా’ అన్నాను. వాడు రెండడుగుల దూరంలోనే ఉన్నాడు.

ఆ సాయంత్రం నేను ఇంట్లో లేనప్పుడు వాడు వచ్చి, మా అమ్మతో ‘మీ అబ్బాయి కనిపించాడండీ, బాగున్నాడు’ అని చెప్పి వెళ్ళాడట. 2022 వరదల్లో రాత్రికి రాత్రి అమ్మని బండి మీద ఎక్కించుకుని మలికిపురంలో చుట్టాల ఇంట్లో దింపింది కూడా వాడేనట. ‘ఎవరో తీసుకొచ్చారు’ అని అమ్మ అప్పుడు ఫోన్లో అంటే, ఎవరని నేను అడగలేదు. నెల దాటింది, నిద్ర సరిగ్గా పట్టట్లేదు. నా భార్య ‘అతను ఎప్పుడో మర్చిపోయుంటాడు, పెద్దది చేసుకోకు’ అంటోంది. ఫోన్ చేయనా? వాళ్ళమ్మాయి ఇప్పుడు పదో తరగతి అట, చదువుకి డబ్బు పంపితే బాగుంటుందా? నిరుడు మేలో మా బ్యాచ్ 25 ఏళ్ళ గెట్ టుగెదర్ జరిగింది, దానికి వాడు రాలేదు. వాట్సాప్ గ్రూప్‌లో చేర్చనా? ఏం చేయాలో చెప్పండి.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం:

మీ ఉత్తరం వచ్చి వారమైంది. ఈ వారంలో చాలాసార్లు చదివాను. ఫోన్ చేయాలా, డబ్బు పంపాలా, గ్రూప్‌లో చేర్చాలా అని అడిగారు. నాకు తోచింది చెప్తాను. కానీ వాటికంటే ముందు చేయాల్సిన పని ఒకటి మీ ఇంట్లోనే ఉంది. దానికి నర్సాపురం దాకా వెళ్ళక్కర్లేదు. మీ పాప ఒక ప్రశ్న అడిగింది, మీరు తప్పు జవాబు చెప్పారు. ముందు దాన్ని దిద్దండి.

ఈ రాత్రి అన్నాలయ్యాక పాపని పక్కన కూర్చోబెట్టుకుని, ‘పంటు మీద ఒక అంకుల్ గురించి అడిగావు కదా, తెలీదన్నాను. తెలుసమ్మా. మూడేళ్ళు నా పక్కనే కూర్చున్నాడు’ అని చెప్పండి. ‘మరి తెలీదని ఎందుకన్నావ్?’ అంటుంది. అప్పుడు తొందరలో ఉన్నాననో, సరిగ్గా చూడలేదనో అనకండి. ‘తాతయ్య ముందు సిగ్గేసింది. అలా సిగ్గుపడటం నా తప్పు’ అనండి. ఎనిమిదేళ్ళ పిల్లకి ఈ మాట బాగా అర్థమవుతుంది. ఎవరి పక్కన కూర్చోవాలి, ఎవరి పక్కన కూర్చుంటే మిగతావాళ్ళు నవ్వుతారు అన్న లెక్కలు ఆ వయసుకే బడిలో మొదలైపోతాయి. ఆ లెక్కల్లో నాన్న ఎటువైపు నిలబడ్డాడో ఆ రోజు తను కళ్ళారా చూసింది. అది అలా ఉండిపోకూడదు. ఆ తర్వాత బడిగంట కబుర్లు చెప్పండి. ఆ గంట ఎలా ఉండేది, ఎండాకాలం ఒంటిపూట బడికి ఎప్పుడు కొట్టేవాడు, ఎప్పుడైనా ఐదు నిమిషాలు ముందే కొట్టేశాడా. అతను మీ పాపకి పంటు మీద టికెట్లిచ్చే అంకుల్‌గా కాకుండా నాన్న బెంచీలో కూర్చున్న అబ్బాయిగా తెలియాలి. ఇంకోటి కూడా ఉంది. పాపతో ఈ మాట అనగలిగితే, రేపు అతనితోనూ అనగలరు. చెప్పాల్సింది దాదాపు అదే మాట.

‘ఏమైందో తెలీదు’ అని రాశారు. మీకు తెలుసనే నాకనిపిస్తోంది. ఆ కారులో మీరు అల్లుడుగారు. సంక్రాంతికి భీమవరం వైపు అల్లుడికి జరిగే మర్యాదలు నాకు తెలుసు. ఆ పీట మీద కూర్చున్న మనిషికి, అంతకు ముందు తనెవరో తెలిసినవాడు ఎదురుపడితే గుండె జారుతుంది. మీ చొక్కా చిరుగు, మీ లెక్కల కాపీ, పరీక్ష ముందు రోజు మీ ఏడుపు అన్నీ తెలిసినవాడు అతను. మీరు అతన్ని చూసి భయపడలేదు, అతని కళ్ళలో మిమ్మల్ని చూసుకుని భయపడ్డారు. ఇది మిమ్మల్ని వెనకేసుకు రావడానికి చెప్పట్లేదు. క్షమాపణ చెప్పేటప్పుడు దేనికి చెప్తున్నారో మీకు స్పష్టంగా ఉండాలని చెప్తున్నాను.

ఇక అతని ‘బాగున్నారాండీ’. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఈ మాటే. గోదావరి జిల్లాల్లో ‘అండీ’ అందరి నోటా వినిపించేదే. కాయలు దింపే మనిషితోనూ అంటాం, కలెక్టరుతోనూ అంటాం. కానీ ఒకే బెంచీ మీద మూడేళ్ళు ‘ఒరేయ్’ అనుకున్న ఇద్దరి మధ్యకి అది ఊరికే రాదు. అతను కారులోకి చూశాడు, పెద్దవాళ్ళని చూశాడు, మీ ముఖం చూశాడు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదనుకుని ఉంటాడు. అంటే మీరు తల దించుకోకముందే అతను మీ గౌరవం కాచాడు.

ఇంకో కారణం మీరే రాశారు. వాళ్ళది పేట, మీది ఊరు. బడిలో ఆ తేడా తెలీదన్నారు. మీకు తెలిసి ఉండకపోవచ్చు. అతనికి తెలియకుండా ఉండే అవకాశం లేదు. గుర్తు తెచ్చుకోండి. అతను మీ ఇంటికి వస్తే ఎక్కడ కూర్చునేవాడు? అరుగు మీదా, లోపలా? మంచినీళ్ళు ఏ గ్లాసులో ఇచ్చేవారు? మీరు వాళ్ళింట్లో ఎప్పుడైనా అన్నం తిన్నారా? నింద వేయడానికి అడగట్లేదు. మా ఇంట్లోనూ అలాంటి గ్లాసు ఒకటి వసారాలో గూట్లో వేరేగా ఉండేది. దాన్ని రోజూ చూస్తూ పెరిగి కూడా, ఎందుకు వేరేగా ఉందని చాలా ఏళ్ళు అడగలేదు నేను. బడిగంట కొట్టాక మీరిద్దరూ చెరో దారిన ఇంటికి వెళ్ళేవాళ్ళు. పాతికేళ్ళ తర్వాత వచ్చిన ఆ ‘అండీ’లో ఆ రెండు దారులూ ఉన్నాయి.

అందుకని ఒక జాగ్రత్త. కలిసినప్పుడు ‘ఏంట్రా ఈ అండీలు, మానెయ్’ అనకండి. అది మీకు చనువు. అతనికి మాత్రం పైనుంచి వచ్చిన ఇంకో హుకుంలా వినబడొచ్చు. అతను ‘మీరు’ అంటూ ఉంటే, మీరు మాత్రం ‘నువ్వు, ఒరేయ్’ అంటూ ఉంటే, నలుగురిలో అది స్నేహంలా కనబడదు. మన ఊళ్ళల్లో ఎవరు ఎవర్ని అలా పిలుస్తూ వచ్చారో మీకూ తెలుసు. అతను ‘మీరు’ అన్నంతసేపూ మీరూ ‘మీరు’ అనే అనండి. మొదట కృతకంగా ఉంటుంది, ఫర్వాలేదు, ఇద్దరికీ సమానంగా ఉంటుంది. ‘నువ్వు’ రావాలంటే అతని నోటి నుంచి రావాలి. అతన్ని అసలు పేరుతో పిలవండి. ‘గంట’ అన్న పిలుపు కూడా అతను ముందు గుర్తు చేస్తే తప్ప ఎత్తకండి.

మీ ఉత్తరంలో ‘పాపం’ అని ఒక మాట పడింది. దాన్ని తీసేసి ఆ వాక్యం మళ్ళీ చదువుకోండి. పదిహేనేళ్ళకి తండ్రి పోయాడు. నర్సాపురం, రాజోలు వైపు ఎన్నో ఇళ్ళ నుంచి మగవాళ్ళూ ఆడవాళ్ళూ కువైట్, మస్కట్, దోహా వెళ్ళినట్టే అతనూ వెళ్ళాడు. తిరిగొచ్చి సొంత ఊళ్ళో పని చూసుకున్నాడు. కూతుర్ని పదో తరగతి దాకా తీసుకొచ్చాడు. వసిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది అక్కడికి ఎంతో దూరం లేదు, పోటు మీదున్న ఏట్లో గాలి ఎలా ఉంటుందో రేవు పక్క పుట్టిన మీకు నేను చెప్పక్కర్లేదు. ఏ కారు ముందెక్కాలి, ఏ బండి ఏ పక్క ఆగాలి, ఆ బరువులన్నీ చూసుకుంటూ మీలాంటి కుటుంబాలని రోజూ దాటిస్తున్నారు వాళ్ళు. ఇందులో జాలిపడాల్సిన మనిషి నాకెక్కడా కనబడలేదు. అతని ఎదుట కూర్చున్నప్పుడు ఆ ‘పాపం’ మీ మనసులో ఉంటే, నోటితో ఏమన్నా అది ముఖంలోకి వచ్చేస్తుంది.

టికెట్టు సంగతి కూడా. రేవులు మామూలుగా వేలంపాటలో పోతాయి, పాడుకున్నవాళ్ళు మనుషుల్ని పెట్టి నడిపిస్తారు. సాయంత్రానికి బండ్ల లెక్క అప్పజెప్పాలి. మీ కారుకి ‘వద్దులెండి’ అన్నాడంటే, ఆ డబ్బు చాలావరకు అతని జేబులోంచే వెళ్ళి ఉంటుంది. మీరు తల తిప్పుకున్న నిమిషంలో అతను మీకు పెట్టుబడి పెట్టాడు, ఇంటికొచ్చిన చుట్టానికి చీర పెట్టినట్టు. దాన్ని తిరిగి ఇవ్వాలని చూడకండి. పెట్టినది తిరిగివ్వడం ఎంత అవమానమో మీకు తెలుసు.

నేను ఇదంతా ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను పంటు మీద అతని స్థానంలో ఉన్న మనిషిని.

1994లో నేను తణుకులో ఒక చీరల కొట్టులో పనిచేసేదాన్ని. మావారికి ఒంట్లో బాగోక ఉద్యోగం పోయింది, ఇల్లు నడవాలి. ఒక శ్రావణమాసం మధ్యాహ్నం నా హైస్కూలు స్నేహితురాలు వాళ్ళత్తగారితో వచ్చి నా ఎదురుగా పరుపు మీద కూర్చుంది. నేను నవ్వాను. ఆమె చీర అంచు చూసింది. ఇంకో చీర విప్పాను, దాని పైట చూసింది. ముప్పై చీరలు విప్పించి ఉంటారు. అంతసేపూ నా చేతులు చూసింది, చీరలు చూసింది, ముఖం మాత్రం చూడలేదు. వాళ్ళు వెళ్ళాక ఆ చీరలన్నీ మడతపెడుతూ నేను ఏడవలేదు. అద్దంలో చూసుకున్నాను. నా జాకెట్టు చంక దగ్గర కుట్టు పోయి ఉంది. ‘ఇందుకా?’ అనుకున్నాను. చాలా రోజుల పాటు అదే అనుకున్నాను. మీ మిత్రుడు ఇంటికెళ్ళి ఏం చూసుకున్నాడో నాకు తెలీదు. అతను మర్చిపోయి ఉంటాడని మీ భార్య అంటే మాత్రం, మర్చిపోలేదని నేను ఖాయంగా చెప్పగలను. అదే సాయంత్రం మీ గుమ్మంలోకి వచ్చి వెళ్ళిన మనిషి ఎలా మర్చిపోతాడు?

1996 నవంబరు తుపానులో కోనసీమలో మా పుట్టింటి కొబ్బరితోట నేలకొరిగింది. ఎవరెవరో పలకరించడానికి వచ్చారు, ఆమె రాలేదు. రానందుకు తర్వాత సంతోషించాను. వచ్చుంటే ఇద్దరం తుపాను గురించి మాట్లాడుకుని, అసలు సంగతి ఆ చాటున దాటేసేవాళ్ళం. నాలుగేళ్ళ తర్వాత, పండగా పెళ్ళిళ్ళూ ఏమీ లేని ఒక ఆషాఢం రోజు, ఒక్కతే కొట్టుకి వచ్చింది. చీరలు చూపించబోయాను. ‘చీరలకి రాలేదు. ఆ రోజు నిన్ను చూశాను. చూడనట్టు వెళ్ళిపోయాను’ అంది. ‘నాకు తెలుసు’ అన్నాను. అంతే. క్షమించమని అడగలేదు, కారణాలు చెప్పలేదు. అడిగి ఉంటే ‘ఫర్లేదులే’ అనాల్సి వచ్చేది, అది అబద్ధమయ్యేది. గంటసేపు కూర్చుని, టీ తాగి వెళ్ళింది. తర్వాత ఏడాదికి మళ్ళీ వచ్చింది. ఇప్పటికీ వస్తుంది. పాత చనువు పూర్తిగా రాలేదు, అది దాచను. కానీ ఆ జాకెట్టు కుట్టు గురించి ఆలోచించడం ఆ రోజుతో ఆగిపోయింది.

మీరూ వెళ్ళండి. ఫోన్ వద్దు. ఫోన్లో అతను ‘అయ్యో, దానిదేముందండీ’ అంటాడు, మీరు ‘థాంక్స్’ అంటారు, అక్కడితో తలుపు మూసుకుపోతుంది. వచ్చే సంక్రాంతి దాకా ఆగొద్దు. సంక్రాంతి, భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం, ఇవి ఆ రేవులో పనిచేసేవాళ్ళకి ఊపిరాడని రోజులు. వాళ్ళమ్మాయికి మార్చిలో పబ్లిక్ పరీక్షలు. ఈలోపే, వారం మధ్యలో ఒక రోజు సెలవు పెట్టుకుని వెళ్ళండి. కారు తీయకండి. రాత్రి రైలెక్కితే పొద్దున్న నర్సాపురంలో దిగుతారు, అదే చివరి స్టేషను. రేవు దాకా వెళ్ళి మామూలు మనిషిలా నడిచి పంటు ఎక్కండి. అతను కనబడితే ముందు మీరే పలకరించండి. పంటు మీద అసలు సంగతి ఎత్తొద్దు, అతని చుట్టూ మనుషులుంటారు, చేతిలో పని ఉంటుంది. ‘మీతో మాట్లాడాలని వచ్చాను. డ్యూటీ ఎప్పుడైపోతుంది?’ అని అడగండి. ఎంతసేపంటే అంతసేపు ఆగండి. ఈసారి ఆగాల్సింది మీరు.

ఎక్కడ కూర్చోవాలో అతన్నే చెప్పనివ్వండి. రేవు దగ్గర టీ బడ్డీ అంటే అక్కడ. పేటలో వాళ్ళిల్లంటే అక్కడ. ఇంటికి తీసుకెళ్తే లోపలికి వెళ్ళి కూర్చోండి, మంచినీళ్ళిస్తే తాగండి, అన్నం పెడితే తినండి. ‘ఇప్పుడే తిన్నాను’ అన్న మాట మన ఊళ్ళల్లో ఎన్నాళ్ళుగా ఏ పనికి వాడారో వాళ్ళకి బాగా తెలుసు. నిజంగా కడుపు నిండి ఉన్నా రెండు ముద్దలు తినండి.

అప్పుడు చెప్పండి. ‘ఆ రోజు చూశాను, గుర్తుపట్టాను. మా పాప అడిగితే తెలీదన్నాను. మీరు విన్నారని తెలుసు.’ ఇంతే చాలు. ‘టెన్షన్‌లో ఉన్నాను’, ‘మామగారి ముందు కదా’ అన్నవి కలపకండి. ఆ నిజం మీకు తెలిస్తే చాలు. అతని ముందు పెడితే అది కారణం అయిపోతుంది, అర్థం చేసుకునే బరువు మళ్ళీ అతని మీద పడుతుంది. ఏడుపొస్తే ఆపుకోండి. మిమ్మల్ని ఓదార్చే పని అతనికి పెట్టొద్దు.

వరదల సంగతి తర్వాతే ఎత్తండి. ఈ వరస ముఖ్యం. ముందు కృతజ్ఞతలు చెప్పి తర్వాత తప్పు ఒప్పుకుంటే, సాయం చేశాడు కాబట్టి వచ్చానన్నట్టు ఉంటుంది. మీ అమ్మగారిని తీసుకెళ్ళకపోయినా ఆ మొదటి మాట అతనికి రావాల్సిందే. అది చెప్పాక, ఆ రాత్రి గురించి అడగండి. 2022 జూలై అది. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. ఆ వరదకి అదీ దాటి, 25 లక్షల క్యూసెక్కుల పైన నీళ్ళు కిందికొచ్చాయి. లంకలు మునిగాయి. ఏటిగట్ల మీద ఇసుక బస్తాలు పేర్చుకుంటూ జనం రాత్రిళ్ళు కాపలా కాశారు. వరదలో పంటు తిరగదు, అంటే ఆ రోజుల్లో అతనికి పనీ లేదు. తన ఇల్లు, తన పిల్లలు ఏ స్థితిలో ఉన్నారో. అంత హడావిడిలో ఏటిగట్టు పక్కన ఒక్కతే ఉన్న మీ అమ్మగారు అతనికి గుర్తొచ్చారు. ఆ రోజు ఏం జరిగిందో అతని నోటితో మొత్తం వినండి. ఫోన్లో మీరు అడగని ప్రశ్న అది. ఇప్పుడు అడిగితే మీరు అతనికి ఇచ్చే కానుక అదే.

డబ్బు పంపకండి. ఇప్పుడు పంపే ప్రతి రూపాయీ ఆ ‘లేదమ్మా’కి ఖరీదు కట్టినట్టు ఉంటుంది. అమ్మాయి చదువు గురించి మాటల్లో వస్తే, మీకు తెలిసింది చెప్పండి. పదో తరగతి మార్కుల మీద సీటిచ్చే నూజివీడు ట్రిపుల్ ఐటీ ఆరేళ్ళ కోర్సు, డిప్లొమాకి పాలిసెట్, ఇవి అతనికి మీకంటే బాగా తెలిసి ఉండొచ్చు కూడా. తెలిసుంటే వినండి. ఆ పిల్ల నేరుగా ఏదైనా అడిగితే, మీ ఉద్యోగం గురించో, హైదరాబాద్ కాలేజీల గురించో, ఓపిగ్గా చెప్పండి. నాన్న స్నేహితుడిగా చెప్పండి. ఏళ్ళు గడిచాక ఎప్పుడైనా అతనే డబ్బు అడిగితే, అప్పుడు ఉన్నంతలో ఇవ్వండి. అడగగలిగేంత దగ్గరితనం వచ్చిందన్నమాట.

గ్రూప్ గురించి. అతను రాలేదని రాశారు. అతనికి కబురు ఎవరు పెట్టారు? ఈ పాతికేళ్ళ సమ్మేళనాలకి నేనూ వెళ్ళాను. శాలువాలు, మెమెంటోలు, అందరం ఒకే రంగు బట్టలు, మనిషికింత అని చందా. పిలుపు గ్రూప్‌లో వస్తుంది. గ్రూప్‌లో లేనివాళ్ళకి పిలుపూ రాదు, తర్వాత ‘వాళ్ళు రాలేదు’ అంటాం. మీ బ్యాచ్‌లో అలా రానివాళ్ళు ఎంతమందో, వాళ్ళ ఇళ్ళు ఎక్కడో ఒకసారి లెక్క చూసుకోండి. అతన్ని అడక్కుండా నంబరు చేర్చొద్దు. అతను చేరతానంటే, ‘వెల్‌కమ్’లూ దండాలూ మోగిపోయే గ్రూప్‌లో అతన్ని మీరు తెచ్చినవాడిలా పరిచయం చేయొద్దు. ఆ బడికి వేళలు చెప్పినవాడు అతను.

మీ భార్య మీరు నిద్రపోవాలని అలా అంటోంది, ఆమె మీద కోపం పెట్టుకోకండి. మామగారికి మాత్రం చెప్పండి. ఈసారి భీమవరం వెళ్ళినప్పుడు, ‘మొన్న పంటు మీద టికెట్లిచ్చినతను నా స్నేహితుడు, నాకంటే మంచి మార్కులొచ్చినవాడు’ అని భోజనాల దగ్గర అనండి. సందర్భం రాకపోతే కల్పించుకోండి. తల దించుకున్నది ఎవరి ముందో, తల ఎత్తాల్సింది కూడా వాళ్ళ ముందే.

అతను ఏమంటాడో నేను చెప్పలేను. ‘నేనసలు ఏమీ అనుకోలేదండీ’ అనొచ్చు. నమ్మకండి, వాదించనూ వద్దు. వేరే మాటల్లోకి వెళ్ళిపోవచ్చు. కొంచెం కోపంగా ఉండొచ్చు, ఉంటే మంచిదే, కోప్పడేంత చనువు మిగిలిందన్నమాట. అసలు మాట్లాడటం ఇష్టం లేక పని ఉందనొచ్చు. అప్పుడు లేచి వచ్చేయండి. పాపకి ఎండాకాలం సెలవులిచ్చాక మళ్ళీ వెళ్ళండి, ఈసారి పాపతో కలిసి. తను అడిగిన అంకుల్‌కి తనే నమస్కారం పెడుతుంది. తనకి ఏమని చెప్పాలో అతనే చూసుకుంటాడు, ఆ విషయంలో మీరు కల్పించుకోకండి.

వచ్చేటప్పుడు మళ్ళీ అదే పంటు ఎక్కుతారు. మనిషికి టికెట్టెంతో అంత చేతిలో పట్టుకుని, అందరిలాగే అతని ముందు చాపండి. తీసుకుంటే తీసుకుంటాడు. తీసుకోకపోతే రెండోసారి చాపకండి. అప్పుడు అతను ‘వద్దులెండి’ అన్నాడో, ‘వద్దులే’ అన్నాడో మాత్రం నాకు రాయండి.